వికర్ణుని వాక్కు - అంతరాత్మ ప్రబోధము

1969వ సంవత్సరము ఆగస్టు 16వ తేదీన జరిగిన రాష్ట్రపతి ఎన్నిక తెలుగు భాషకు ఒక మాటను మిగిల్చిపోయినది. ఆ మాట ‘అంతరాత్మ ప్రబోధము’. ఆ ఎన్నికలో ప్రధానముగా తలపడిన యిరువురును తెలుగువారే. ఒకరు అనంతపురము జిల్లా ఇల్లూరున పుట్టిన నీలం సంజీవరెడ్డిగారు. మరియొకరు బరంపురమున తెలుగు కుటుంబమున జన్మించిన వరాహగిరి వేంకటగిరిగారు. కాంగ్రెసు పక్షము సంజీవరెడ్డిగారిని తన యభ్యర్థిగా నిర్ణయించెను. ఆయన పేరును నామపత్రమున ప్రతిపాదించిన ప్రధానమంత్రి ఇందిరాగాంధీయే పిమ్మట పక్షాదేశమును జారీచేయుటకు ఒప్పుకొనక, సభ్యులు తమ మనస్సాక్షిని బట్టి ఓటు వేయవచ్చునని ప్రకటించిరి. స్వతంత్రుడుగా నిలిచిన గిరిగారు గెలిచిరి. అదే సంవత్సరము నవంబరులో కాంగ్రెసు రెండుగా చీలినది. తరువాత 1977లో సంజీవరెడ్డిగారు పోటీ లేకుండ రాష్ట్రపతి యైరి.

ఈ చరిత్ర నందరు నెరుగుదురు. నేను చర్చింపదలచినది చరిత్రను కాదు, మాటను. ఆనాటినుండి పక్షము మారినవాడును, మారదలచినవాడును, మారుటకు ధర కుదరక ఆగినవాడును ఈ మాటనే వాడుచున్నారు. వినువాడు నవ్వుచున్నాడు. అంత గంభీరమైన సమాసము ఇంత త్వరగా ఇంత చులకన యగుట మన భాషాచరిత్రలో అరుదు. ఈ లోపము మాటను వాడినవారిదా, లేక మాటదేనా? మాటలోనే లోపము కలదని నా యభిప్రాయము. పక్షమును గాని, గెలుపోటములను గాని లెక్కింపక సిద్ధాంతమును బట్టి వేయు ఓటునకు ప్రమాణము లోన వినబడిన ధ్వని కాదు. నలుగురిలో చెప్పి నిలుపుకొనగలిగిన కారణము. ఈ భేదమును మన సాహిత్యమున మిక్కిలి స్పష్టముగా చూపిన ఘట్టము సభాపర్వమున ద్రౌపదీ ప్రశ్న. నన్నయ భారతమున ఆ ఘట్టము తెలుగువారి కందరికి పరిచితమే యైనను, ఇచట వాదముల వివరమే ప్రధానము గనుక వ్యాసుని మూలమునే అనుసరించుచున్నాను.

ముందుగా అంతరాత్మను గూర్చి రెండు మాటలు. మన శాస్త్రములు దానిని తోసివేయలేదు. ధర్మమునకు ప్రమాణములను చెప్పుచు మనువు వేదమును, స్మృతిని, సదాచారమును పేర్కొని, కడపట ఆత్మతుష్టిని చేర్చెను. కడపట చేర్చుట గమనింపదగినది. పై మూడును ఇతరులు చూచి పరీక్షింపగలవి. నాలుగవది ఒక్కని లోనిది. కాళిదాసు శాకుంతలమున దుష్యంతుడు, సందేహము కలిగినచోట సజ్జనుల యంతఃకరణమే ప్రమాణమని తనకు తాను చెప్పుకొనును. పండితులు ఈ సందర్భమును ఎంతో గౌరవముతో ఉదాహరింతురు. అయితే, అది పలుకునప్పటికి ఆ రాజు శకుంతలను చూచి మోహించియే యున్నాడు! తాను కోరినది తనకు తగినదే యగునని మనస్సు చెప్పినది. నాటకమున అది నిజమైనది, కవి దయ. శాసనసభలలో అట్టి కవి లేడు.

ఇక సభకు వత్తము. తన్ను తానోడిన పిమ్మట ధర్మరాజునకు తన్ను పణముగా నొడ్డు నధికారము కలదా యని ద్రౌపది యడిగినది. ఇది కరుణను యాచించు ప్రశ్న కాదు, సభాసదుల తీర్పును కోరు ప్రశ్న. అందుచేతనే నేటి పరిభాషలో దానిని ఓటునకు వచ్చిన తీర్మానమని చెప్పినను దోషము లేదు. భీష్ముడు ధర్మము సూక్ష్మమని పలికి, తీర్పు చెప్పజాలకపోయెను. భీష్మునకు అంతరాత్మ లేదని ఎవడు చెప్పగలడు? ఆ సభలో అందరికంటె ఎక్కువగా నొచ్చినవాడు ఆయనయే కావచ్చును. ఆ నొప్పి మాత్రము తీర్పుగా మారలేదు. తక్కిన రాజులు దుర్యోధనుని ముఖము చూచుచు ఊరకుండిరి.

అప్పుడు లేచినవాడు వికర్ణుడు. ధృతరాష్ట్రుని కుమారుడు, దుర్యోధనుని తమ్ముడు. అతడు మొదట తన వాదమును చెప్పలేదు. ప్రశ్నకు బదులు చెప్పుడని భీష్మ ధృతరాష్ట్రులను, విదురుని, ద్రోణ కృపులను, వచ్చిన రాజులను పేరుపేరున వేడెను. మేలనిగాని కీడనిగాని ఎవరును నోరు మెదపలేదు. అతడు చేయి చేయి నలుపుకొని, బుస కొట్టినట్లు నిట్టూర్చి, ఇక తానే చెప్పెదనని పూనెను. ఈ చేతులు నలుపుకొనుట చిన్న విషయమే కాని, వ్యాసుని లోకజ్ఞత దానియందున్నది. అన్నకు ఎదురు చెప్పుట అతనికి సులభము కాలేదు. సిద్ధాంతము కొరకు తనవారిని కాదనుట సంతోషముతో చేయువానిని నేను పెద్దగా నమ్మను.

వికర్ణుడు నాలుగు కారణములు చూపెను. వేట, పానము, జూదము, స్త్రీలోలత యను వ్యసనములకు వశుడైన రాజు చేసినది చెల్లదు. ద్రౌపది యేవురికిని భార్య కాగా, ఒక్కడామెను పణము చేయజాలడు. ధర్మరాజు అంతకుముందే తన్ను తానోడియుండెను. ఆమె పేరెత్తి పందెమునకు ప్రేరేపించినవాడు శకుని. కావున ఆమె గెలువబడలేదని అతని తీర్పు. ఈ నాలుగింటిలో ‘నా మనస్సు నొచ్చినది’ అను మాట ఎచటను లేదు. ప్రతి కారణమును ఎదుటివాడు పరీక్షింపవచ్చును, ఖండింపవచ్చును. మొదటి కారణము బలహీనమని నాకును తోచును. వ్యసనముచే జూదము చెల్లనిచో ద్రౌపదియే కాదు, రాజ్యమును ఓడిపోలేదనవలసివచ్చును. అంతదూరము వికర్ణుడు పోలేదు. మూడవది బలమైనది, ద్రౌపది ప్రశ్నకు నేరైన సమాధానము. నేనిట్లు ఒక దానిని బలమని, ఒక దానిని దుర్బలమని చెప్పగలుగుచున్నానన్న, అతడు కారణములను సభలో పెట్టుటచేతనే కదా! భీష్ముని నొప్పిని గూర్చి నేనిట్టి విమర్శ చేయజాలను.

సభ వికర్ణుని మెచ్చి కోలాహలము చేసినది, శకునిని నిందించినది. చప్పుడు చేసినవారెవరును లేచి తమ తీర్పు చెప్పలేదని మరువరాదు. చప్పట్లకు విలాసముండదు. అప్పుడు కర్ణుడు లేచెను. కర్ణుని సమాధానమున ఒక భాగము న్యాయమైన వాదమే. ధర్మరాజు తన సర్వస్వమును ఒడ్డినప్పుడు ద్రౌపది అందు చేరియే యున్నదని అతడనెను. దీనిని వాదముగా నెదుర్కొనవచ్చును. కాని అంతకుముందు అతడన్న మాట వేరు. అరణిలో పుట్టిన యగ్ని అరణినే దహించునట్లు, కౌరవులలో పుట్టినవాడు కౌరవులకే చేటు తెచ్చుచున్నాడనెను. పెద్దలందరు ఊరకుండగా ఒక్క పిల్లవాడు మాటలాడుట బాల్యచాపలమనెను. పక్షద్రోహము, ఏకాకితనము, వయస్సు - ఈ మూడు నిందలు నేటికిని పార్టీ కార్యాలయములలో ఇదే వరుసలో వినవచ్చును. వీనిలో ఒకటైనను ద్రౌపది ఓడినదా లేదా యను ప్రశ్నను తాకదు.

పిమ్మట విదురుడు చెప్పిన ప్రహ్లాదుని కథ సభాపర్వమునకు ఆయువుపట్టు. ప్రహ్లాదుని కొడుకు విరోచనుడును, అంగిరసుని కొడుకు సుధన్వుడును ఒక కన్యకై పోటీపడి, తమలో ఎవడధికుడో తేల్చుకొనుటకు ప్రాణములను పందెమొడ్డి ప్రహ్లాదునే తీర్పు అడిగిరి. ఒకవంక కొడుకు ప్రాణము. ప్రహ్లాదుడు కశ్యపుని సలహా కోరెను. తెలిసియు బదులు చెప్పనివాడును, కామక్రోధభయములచేత చెప్పనివాడును వరుణపాశములకు గురియగుననియు, నింద్యమైనది నిందింపబడని సభలో పాపమున సగము అధ్యక్షునకును, పాతిక చేసినవానికిని, పాతిక ఊరకున్న సభాసదులకును చెందుననియు కశ్యపుడు చెప్పెను. ప్రహ్లాదుడు సుధన్వుడే అధికుడని తీర్పు చెప్పెను. పుత్రస్నేహమును విడిచి సత్యము పలికినందుకు సుధన్వుడే సంతోషించి విరోచనుని ప్రాణము నిచ్చెను.

‘పక్షపాతము’ అను పదమును మనము తేలికగా వాడుదుము. ఒక పక్షముపై వాలిపోవుట దాని యర్థము. పక్షముండుట దోషము కాదు. విరోచనునకు తండ్రి కాకపోవుట ప్రహ్లాదునకు సాధ్యము కాదు. తూగవలసిన వేళ వాలుట దోషము. అంతకంటె ముఖ్యమైనది, ఊరకున్నవానికి కశ్యపుడు వేసిన పాతిక. సభలో కూర్చుండుటకు ఒప్పుకొన్నవానికి మౌనము తటస్థస్థితి కాదని యర్థము. 2013లో సుప్రీంకోర్టు తీర్పుమీద మన ఓటుయంత్రములపై ‘పై వారెవరును కారు’ అను మీట వచ్చినది. దానిని కొందరు బలరాముని తీర్థయాత్రతో పోల్చుదురు. పౌరుని విషయమున ఆ పోలిక కొంత యుక్తమే, ఏలయన ఆ మీటను నొక్కినవాడు కనీసము బూతువరకు నడచివచ్చెను. సభాసదునకు ఆ వెసులుబాటును కశ్యపుడు ఇయ్యలేదు.

విదురుడు ఆ కథ చెప్పుటకు ముందు అన్న మాటయందు ఈ వ్యాసమునకు కావలసిన కీలకము కలదు. వికర్ణుడు తన బుద్ధి కొలది సమాధానము చెప్పెను, ఇక మీరును మీమీ బుద్ధి కొలది చెప్పుడని అతడు రాజులను నిలదీసెను. రాజులు అప్పుడును పలుకలేదు. లెక్క చూచినచో వికర్ణుని ఓటు మురిగిపోయినది. ఫలితము మారలేదు, ద్రౌపదికి కలిగిన విముక్తి సభ తీర్పువలన కాక, అపశకునములకు బెదరిన ధృతరాష్ట్రుని వరమువలన కలిగినది. అయినను ఆ ఓటు ఒక పని చేసినది. అది పడకమునుపు రాజుల మౌనము తెలియనితనమని చెప్పుకొనుటకు వీలుండెను. అది పడిన పిమ్మట వారి మౌనము ఎంచుకొన్న మౌనమైనది. విదురునకు పట్టు దొరికినది.

గెలువనివానికి వేసిన ఓటు వ్యర్థమను వాదమును ఈ దృష్టితో చూడవలెను. నేడు పత్రికలలో ‘గెలుపు గుర్రములు’ అను మాట నిత్యము కనబడును. పందెము కట్టువానికి గుర్రము గుణము అక్కరలేదు. ఓటరు పందెగాడుగా మారిన క్షణమున అతడు తన యభిప్రాయమును చెప్పుట మాని, ఇతరుల యభిప్రాయమును ఊహించుటకు దిగును. అందరును అట్లే ఊహించిరేని, ఎవని యభిప్రాయమును లేని ఫలితము వచ్చును. దీనిని నేను గ్రంథములలో చదివి మాత్రమే చెప్పుట లేదు. కొన్నేండ్ల క్రిందట నేను సభ్యుడనైన యొక సాహిత్య సంస్థకు కార్యదర్శి ఎన్నిక జరిగినది. నిలిచినవారిలో యోగ్యుడెవడో నాకు తెలియును. ఆయన గెలువడని అందరు ననిరి. నేను రెండవవానికి చేయెత్తితిని. యోగ్యుడు రెండే ఓట్లతో ఓడెను. తిరుగు ప్రయాణమున బస్సులో నా పక్కన కూర్చున్న మిత్రుడు తానును మొదటివానినే కోరితిననియు, గెలువడని విని చేయెత్తలేదనియు చెప్పెను. మేమిరువురము తరువాత స్టేషను వచ్చువరకు మాటలాడుకొనలేదు.

గెలుపును ముందుగా తెలిసికొంటిమనుకొనువారు 1937 నాటి బొబ్బిలిని తలచుకొనవచ్చును. జస్టిస్ పక్షనాయకుడు, మద్రాసు రాష్ట్ర ప్రధానమంత్రి, పైగా ఆ సంస్థానమునకే ప్రభువైన బొబ్బిలి రాజాపై అదే నియోజకవర్గమున నిలిచి గెలిచినవారు ఈ గిరిగారే. రాజు తన కోట యెదుట ఓడునని పందెము కట్టదగునని ఎవడు చెప్పియుండును?

కొందరు వక్తలు ఇట్టి సందర్భమున కృష్ణుని కోరుకొన్న అర్జునుని ఉదాహరింతురు. తిరుపతి వేంకటకవుల పాండవోద్యోగము పుణ్యమా యని ఆ దృశ్యము ప్రతి పల్లెలో తెలియును. దుర్యోధనుడు సైన్యమును, అర్జునుడు నిరాయుధుడైన కృష్ణుని కోరిరి గదా, అది సిద్ధాంతపు ఓటు కాదా యందురు. నేనొప్పుకొనను. కృష్ణుడున్నచోట జయముండునని అర్జునుడు గట్టిగా నమ్మినవాడు. అతడు ఎన్నుకొన్నది గెలుపు గుర్రమునే. దుర్యోధనునికంటె గుర్రములనెరిగినవాడు, అంతే.

సరియైన ఉదాహరణ యుయుత్సుడు. అతడును ధృతరాష్ట్రుని కొడుకే, వైశ్యస్త్రీకి పుట్టినవాడు. యుద్ధారంభమున ధర్మరాజు రెండు సేనల నడుమ నిలిచి, తమ పక్షమునకు రాదలచినవాడెవడైన నున్నచో స్వీకరింతునని ఎలుగెత్తి పిలిచెను. ఇదియు ఒక ప్రబోధమే. యుయుత్సుడు అందరు చూచుచుండగా కౌరవులను వీడి వెళ్లెను. పదునొకండు అక్షౌహిణులనుండి ఏడక్షౌహిణులకు వచ్చినవానిని ఫిరాయింపుదారు అనుటకు నోరాడదు. దీనికి ప్రతిబింబము శల్యుడు. పాండవులకు మేనమామయై వారికొరకే బయలుదేరి, దారిలో దుర్యోధనుడు చేయించిన మర్యాదలకు లొంగి అతని పక్షమున చేరెను. పైగా కర్ణుని తేజమును తగ్గింతునని ధర్మరాజునకు రహస్యముగా మాట యిచ్చెను. దేహమొక పక్షమున, మాట వేరొక పక్షమున. మన శాసనసభలలో ‘క్రాస్ ఓటింగు’ అని పిలువబడు దానికి ఇతడు మూలపురుషుడు. ఈ నీచపు బేరమున ధర్మరాజునకును భాగమున్నదని ఒప్పుకొనక తప్పదు.

ఇప్పుడు 1969 లెక్కలను చూడుడు. మొదటి ప్రాధాన్యపు ఓట్ల విలువ గిరిగారికి 4,01,515, సంజీవరెడ్డిగారికి 3,13,548, స్వతంత్ర, జనసంఘ పక్షములు బలపరచిన చింతామణి దేశ్‌ముఖ్‌గారికి 1,12,769. ఎవరికిని కావలసినంత రాకపోగా, రెండవ ప్రాధాన్యములను కలిపిన మీదట గిరిగారికి 4,20,077, సంజీవరెడ్డిగారికి 4,05,427 వచ్చినవి. మొదట కలిగిన దాదాపు 88,000 తేడా 14,650కు తగ్గినది. ఇందు యుయుత్సులెందరు, శల్యులెందరు? ఓటు రహస్యము గనుక పత్రము చెప్పదు. బహిరంగముగా తమ కారణములను చెప్పి ఓటు వేసినవారును ఉండిరి, వారిని నేను తక్కువ చేయను. కాని పిలుపు అంతరాత్మకు వచ్చినది, పెట్టె మూసియుండినది. ఈ రెండును కలిసినచో యుయుత్సునకును శల్యునకును తేడా కనబడదు. మాట చులకన యగుటకు ఇదియే కారణము. నాయకుని ఆజ్ఞను వీడి వేరొక నాయకుని సైగను అనుసరించినవాడును అదే మాటతో తన్ను కప్పుకొనగలిగెను.

శాసనము ఈ చిక్కును వేరొక విధముగా తెంచినది. 1985లో 52వ రాజ్యాంగ సవరణతో పదవ షెడ్యూలు చేరినది. పక్షాదేశమునకు, అనగా విప్‌నకు, విరుద్ధముగా సభలో ఓటు వేసినవాడును, ఓటు వేయక తప్పుకొన్నవాడును, పక్షము 15 దినములలో క్షమింపనిచో సభ్యత్వమును కోల్పోవును. శల్యుల బేరములకు విసిగి చేసిన శాసనమిది, విసుగు న్యాయమైనదే. అయితే దీనికింద వికర్ణుడును సభ్యత్వమును కోల్పోవును. 1992లో కిహోటో హోలోహాన్ కేసున సుప్రీంకోర్టు ఈ షెడ్యూలును చాలవరకు నిలుపుచునే, ప్రభుత్వపు నిలకడకు సంబంధించిన ఓట్లకును, పక్షము ఎన్నికలలో ప్రజలముందు పెట్టిన ముఖ్య విధానములకును మాత్రమే ఇట్టి శిక్షతో కూడిన ఆదేశము పరిమితమగుట మేలని సూచించినది. ఆ సూచన ఆచరణలో ఎంతమాత్రము నిలిచినదో చదువరులే ఎరుగుదురు. రాజ్యసభ ఎన్నికలలో రహస్యమునకు బదులు బహిరంగపు ఓటును 2003లో పెట్టిరి. 2006లో కోర్టు దానిని సమర్థించినది. సభాసదుని ఓటు కనబడవలెనను భావము ఇందున్నది. కాని అది పక్షపు ప్రతినిధికి కనబడుటతో ఆగినది, కారణమును అడుగలేదు.

1999 ఏప్రిల్ 17న లోకసభలో వాజపేయి ప్రభుత్వము 269-270 ఓట్లతో, ఒక్క ఓటు తేడాతో పడిపోయినది. కాశ్మీరు నేషనల్ కాన్ఫరెన్సు సభ్యుడు సైఫుద్దీన్ సోజ్ తన పక్షాదేశమునకు ఎదురుగా ఓటు వేసి పక్షమునుండి వెలివేయబడెను. ఆయన నిర్ణయము మంచిదా కాదా యనుట వేరు ప్రశ్న; రాజకీయముగా నాకు దానిపై అభిమానమును లేదు, ద్వేషమును లేదు. ఆ ఓటు ఎవనిదో, ఎందుకో, దాని మూల్యమేమో అందరికి తెలిసినది. కావున దానిని విమర్శింపవచ్చును.

ఇచట ఒక ఆక్షేపము న్యాయముగా వచ్చును. పక్షమును, దాని గుర్తును చూచి ప్రజలు ఓటు వేయగా గెలిచినవాడు తరువాత తన తీర్పు తనదే యనుట మోసము కాదా? 1774లో బ్రిస్టల్ ఓటర్లతో, ప్రతినిధి మీకు తన శ్రమను మాత్రమే కాక తన వివేచనను గూడ ఋణపడి యున్నాడని వాదించిన ఎడ్మండ్ బర్క్, ఐర్లండు వర్తకమును, కాథలిక్కుల హక్కులను సమర్థించి, ఆ ఓటర్ల ఆదరమును పోగొట్టుకొని, 1780లో అచటి పోటీనుండి విరమింపవలసివచ్చెను. ఓటర్లకును తమ కారణము చెప్పు హక్కు కలదు, చెప్పిరి. పక్షవిధేయతయే ఒక సిద్ధాంతమని నమ్మినవానిని నేను నిందింపను, అతడు ఆ మాటను సభలో అనగలిగినచో. సాధారణ పౌరుని రహస్యపు ఓటు విషయము వేరు. భూస్వామి, సాహుకారు, ఊరిపెద్ద ఎవడును చూడకుండుటకు ఆ పెట్టె మూయబడినది; దానిని తెరువుమని నేననను. సభలో కూర్చున్నవానికి ఆ భయము చెప్పుకొను హక్కు లేదు.

మిగిలినది వికర్ణుని కడపటి కథ. సభలో అంత స్పష్టముగా పలికినవాడు యుద్ధమున దుర్యోధనుని వైపే నిలిచెను. యుయుత్సుడు చేసినది ఇతడు చేయలేదు. దీనిని బట్టి అతని వాక్కు బూటకమని కొందరందురు. నేనట్లనుకొనను. అన్న తప్పు చేసినప్పుడు తప్పనుట ఒక కర్తవ్యము, అన్నపై శత్రువు వచ్చినప్పుడు వెంట నిలుచుట మరియొకటి యని అతడు తలచియుండవచ్చును. అయితే తన కారణమును ఈ రెండవ సారి అతడు చెప్పలేదు, వ్యాసుడు చెప్పింపలేదు. మొదటి సభలో ఇన్ని కారణములు చెప్పినవాడు ఇచట ఏల ఊరకుండెనో నాకు తెలియలేదు. పదునాలుగవ నాటి యుద్ధమున, ధృతరాష్ట్రుని కొడుకులందరిని చంపుదునన్న ప్రతిజ్ఞకు బద్ధుడై భీముడు అతనిని చంపెను. చంపి, పాండవులకు హితుడైన వీనిని మాటకు కట్టుబడి చంపవలసివచ్చెనే యని వగచెను. నూర్గురిలో భీముడు తాను చంపి వగచినది ఈ ఒక్కనికొరకే.